దానా పడ్డదా

మా బాపు ఏ సంగతినైనా ఒకే మాటతో అడుగుతాడు: "దానా పడ్డదా?"

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు నేను సైకిల్ దిగకముందే వాకిట్లోంచి అడిగింది అదే. అమ్మ పెట్టిన పెరుగు తోడుకుందా అని తెలుసుకోవాలన్నా అదే. రెండు రోజులుగా మాట్లాడుకోని పక్కింటి ఆలుమగలు రాజీపడ్డారా అని అడగాలన్నా అదే. దానా అంటే గింజ. బాపు నోట్లో అది చక్కెర గింజ.

ఆయన బోధన్ చక్కెర కార్ఖానాలో ఇరవై ఆరేళ్ళు పాన్‌మ్యాన్‌గా పనిచేశాడు. గాలి తీసేసిన పెద్ద ఇనుప పాత్రలో చెరకు పాకం సన్నటి వేడి మీద ఉడుకుతుంటుంది. అందులో గింజ ఎప్పుడు పుట్టాలో, ఎంత పెరగాలో, ఎప్పుడు కిందికి వదలాలో చెప్పేవాడే పాన్‌మ్యాన్. పాలకు తోడు వేసినట్టు పాకానికీ తోడు వేస్తారు. మెత్తగా నూరిన చక్కెర పొడిని సరైన క్షణంలో లోపలికి వదిలితే దాని ఆధారంగా గింజలు పెరుగుతాయి. కొంచెం ముందైతే పొడి కరిగిపోతుంది. కొంచెం ఆలస్యమైతే లెక్కలేనన్ని నలుసులు పుట్టి ఏదీ పెరగదు. బాపు ఒక ఇత్తడి కడ్డీతో పాకం బయటికి లాగి, గాజు పలక మీద పూసి, దీపానికి ఎదురుగా పట్టి చూసేవాడు. తర్వాత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపేవాడు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి ఆ పలక నాకూ చూపించాడు. ఏమీ కనిపించలేదు. కనిపించిందని అబద్ధం చెప్పాను.

నేను నిజామాబాద్‌లో మెకానికల్ డిప్లొమా మొదటి సంవత్సరం చదువుతుండగా కార్ఖానా ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెప్పేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు. నాకు బాగా తెలిసింది ఆ తర్వాత మా క్వార్టర్ల వరుసలో జరిగింది మాత్రమే. నాకు జాబితాలు రాసే అలవాటు ఉంది. అప్పటి నోట్‌బుక్‌లో ఒక పేజీకి "మా లైన్, పదహారు ఇళ్ళు, ఎవరేం చేస్తున్నారు" అని శీర్షిక పెట్టి రాసుకున్నాను. బాయిలర్ దగ్గర మంట చూసినాయన బస్టాండ్ ఎదురుగా దోసెల బండి పెట్టాడు. ఆయన పెనం ఎప్పుడూ మాడదు. ల్యాబ్‌లో పనిచేసినాయన రక్తపరీక్షల సెంటర్‌లో సీసాలకు చీటీలు అంటించే పనిలో కుదిరాడు. క్రేన్ నడిపినాయన జేసీబీ ఎక్కాడు. ఇద్దరు ప్రతి సీజన్‌కూ మహారాష్ట్ర మిల్లులకు బస్తాలు మోయడానికి వెళ్ళి చెరకు అయిపోయాక తిరిగి వచ్చేవాళ్ళు. పక్కింటి చాచా మిల్లు రోలర్లు బిగించిన ఫిట్టర్. ఆయన వెల్డింగ్ షాపు తెరిచి కిటికీ గ్రిల్స్ చేయడం మొదలుపెట్టాడు. మా అమ్మ బీడీలు చుట్టడం నేర్చుకుంది. బాపు కూడా అదే పనికి రెండు సీజన్లు మహారాష్ట్ర వెళ్ళాడు. నడుము పట్టేయడంతో మానేసి నిజామాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్‌కు వాచ్‌మన్ అయ్యాడు.

ఆ పేజీ చివర నేను రాసిన రెండు వాక్యాలు ఇప్పటికీ ఉన్నాయి. "ఒక్కరూ ఖాళీగా లేరు. ఒక్కరూ తమ పనిలో లేరు."

పాలిటెక్నిక్‌లో మాకు వర్క్‌షాప్ చెప్పిన సారు, యుద్ధాల్లో నేలమట్టమైన దేశాల గురించి ఒకసారి చెప్పాడు. ఊళ్ళకు ఊళ్ళు బూడిదైనా, కార్ఖానాల కప్పులు కూలినా, కొన్నేళ్ళకు ఆ దేశాలు మళ్ళీ యంత్రాలు తయారుచేశాయని, ఎందుకంటే పని తెలిసిన చేతులు మిగిలాయని అన్నాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది. నోట్‌బుక్‌లో గీత గీసి రాసుకున్నాను. అందులో సంగతి సగమే ఉందని పోయిన చలికాలం తెలిసింది. ఆ మిగతా సగం కోసమే ఇది రాస్తున్నాను.

చందూర్ దగ్గర ఒక రైతు ఉన్నాడు. నలభై అయిదేళ్ళుంటాయి. వాళ్ళ నాన్న కాలం నుంచి కార్ఖానాకు చెరకు తోలిన ఇల్లు. కార్ఖానా ఆగాక అందరిలాగే వరికి మారాడు. కానీ చెరకు మీద మనసు పోక, పోయిన ఏడాది పది గుంటల్లో, అంటే పావు ఎకరంలో, నాటాడు. పది గుంటల చెరకు కోసం ఏ మిల్లూ లారీ పంపదు. అందుకని తనే బెల్లం వండాలనుకున్నాడు. చాచా షాపులో ఒక పాత క్రషర్ బాగు చేయించుకున్నాడు. మంచం అంత వెడల్పు పెనం చేయించుకున్నాడు. అప్పుడు అడిగాడట, పాకం తెలిసిన మనిషి ఎవరైనా ఉన్నారా అని.

ఆ సాయంత్రమే చాచా మా ఇంటికి వచ్చాడు.

"ఏం భాయ్, పెండ్లోళ్ళ చెప్పులకు కావలి కాసుడేనా, ఇంకేమన్న చేస్తవా?" అన్నాడు బాపుతో.

సంగతి విన్నాక బాపు వెంటనే ఒప్పుకోలేదు. లోపలికి వెళ్ళి ట్రంకు పెట్టె తెరిచాడు. అందులోంచి గుడ్డలో చుట్టిన గాజు పలక తీసి, పంచె అంచుతో తుడిచి, ట్యూబ్‌లైట్ ఎదురుగా పట్టి చూశాడు. పలక మీద ఏమీ లేదు.

"ఎన్నడు పోవాలె?" అన్నాడు.

రైతు షరతు సూటిగా ఉంది. మూడు రోజులు, రోజుకు ఒక పెనం. మూడింటిలో ఒక్కటైనా గడ్డ కడితే మిగిలిన చెరకంతా బెల్లం చేస్తాడు. కోసిన మోళ్ళను అలాగే ఉంచి వచ్చే ఏడాదికి కార్శి పంట తీస్తాడు. కార్శి అంటే మళ్ళీ నాటకుండా పాత మోళ్ళ నుంచి లేచే పిలకల పంట. గడ్డ కట్టకపోతే మిగిలిన చెరకు బోధన్ రసం బండ్లకు పోతుంది, మోళ్ళు దున్ని వరి వేస్తాడు. కోసిన మేరకు దున్నడానికి నాలుగో రోజు పొద్దున రమ్మని ట్రాక్టర్‌కు ముందే మాట ఇచ్చేశాడు. వాళ్ళ ఇంట్లో చెరకుకు అదే ఆఖరి అవకాశం. మా బాపుకు, ఇన్నేళ్ళలో ఎవరైనా ఆయన పని కోసం ఆయన్ని పిలవడం అదే మొదటిసారి.

నేను రైస్ మిల్లులో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌ని. మూడు రోజులు సెలవు పెట్టాను. సంచిలో పొడుగు థర్మామీటర్, రసం తీపి కొలిచే గొట్టం, పులుపు చూసే కాగితాలు, కొత్త నోట్‌బుక్ సర్దుకున్నాను. బాపు గాజు పలక తీసుకున్నాడు. చొక్కా జేబులో ఒక కాగితం పొట్లం పెట్టుకోవడం చూశాను. ఏంటని అడగలేదు.

మొదటి రోజు పొద్దున్నే చెరకు కోసి క్రషర్‌లో పెట్టారు. రసం బురద రంగులో పెనంలోకి దిగింది. ఆ తర్వాతి గంటసేపు బాపును చూడటం నాకు పండగలా ఉంది. సున్నపు నీళ్ళు చిటికెలతో కొలిచినట్టు వేశాడు. నలగ్గొట్టి నీళ్ళలో నానబెట్టిన బెండ కాడల జిగురు పోయించాడు. మురికంతా నల్లటి మీగడలా పైకి తేలింది. దాన్ని జల్లిగరిటెతో అంచు నుంచి అంచుకు ఒక్క వాటున తీశాడు. కింద రసం తేటగా, పలచటి టీ రంగులో మిగిలింది. నా పులుపు కాగితం ఎంత ఉండాలో అంతే చూపించింది. బాపు కాగితం వైపు చూడలేదు.

రైతు తల్లి కొంచెం దూరంలో నులక మంచం మీద కూర్చుని ఉంది. డెబ్భై అయిదు దాటిన అవ్వ. రెండు కళ్ళకూ శుక్లాలు. ఏమీ సరిగ్గా కనపడదు కానీ తల ఇటే తిప్పి వింటోంది.

"మడ్డి మంచిగ తీస్తున్నవా కొడుకా?" అంది.

"తీస్తున్న అవ్వ."

"వాసన చెప్తున్నది. మంచిగనే తీస్తున్నవ్."

పాకం చిక్కబడింది. బుడగలు పెద్దవయ్యాయి. బాపు గరిటె ముంచి, వేళ్ళ మధ్య నలిపి, కళ్ళు సగం మూసుకున్నాడు. ఆ ముఖం నాకు తెలుసు. కార్ఖానాలో నాకు పలక చూపించిన రోజు అదే ముఖం. "మంట గుంజుర్రి," అన్నాడు. పొయ్యిలోంచి కట్టెలు లాగేశారు. నా థర్మామీటర్ నూట ఎనిమిది డిగ్రీలు చూపిస్తోంది. బాపు జేబులోంచి పొట్లం తీసి విప్పి అందులోని తెల్లటి పొడిని పాకం మీద చల్లాడు. నూరిన చక్కెర. తోడు.

 చాచా నా వైపు ఒకసారి చూశాడు.

తడిగుడ్డ పరిచిన చెక్క పెట్టెల్లో పోసి వదిలేశాం. మధ్యాహ్నం అన్నాలయ్యాక బాపు పెట్టె దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, కొంచెం తీసి పలక మీద పూసి, ఎండకు ఎదురుగా పట్టాడు. ఆయన ముఖం మొత్తం మారిపోయింది.

"దానా పడ్డది," అన్నాడు. "సూడుర్రి. ఒక్కతీరుగ పడ్డది."

నేనూ చూశాను. ఈసారి నిజంగానే కనిపించింది. గాజు మీద సమానమైన చిన్న చిన్న గింజలు, అంచులు తేరి, ఎండలో మెరుస్తున్నాయి. నా చిన్నప్పటి అబద్ధం ఆ క్షణంలో తీరిపోయినట్టు అనిపించింది.

రైతు పెట్టెలో గరిటె గుచ్చాడు. గరిటె అడుగు దాకా దిగింది. కింద ఇసుకలా గింజ, పైన నల్లటి నీళ్ళలాంటి పాకం. గడ్డ అన్నది ఎక్కడా లేదు.

"అవ్వ, జర సూడు," అని రైతు ఆమె చేతిలో కొంచెం పెట్టాడు. ఆమె వేళ్ళతో నలిపింది.

"గిదేంది? ఇసుకల నీళ్ళు పోసినట్టుంది."

"మంచి దానా అవ్వ అది," అన్నాడు బాపు.

"నీ దానా నువ్వే బుక్కు కొడుకా. నాకు గడ్డ కావాలె. సంతల బెల్లం చెంబుల పోసి అమ్ముతరా?"

చాచా నవ్వు ఆపుకోలేకపోయాడు. రైతు నవ్వలేదు. "రేపు గిట్లనే అయితె ఎట్ల కాకా?" అని మాత్రం అడిగాడు. బాపు పలకను గుడ్డలో చుట్టాడు. అప్పుడు నాకు అర్థమైంది. ఆయన ఏ తప్పూ చేయలేదు. చక్కెర చేశాడు. అదీ కట్టెల పొయ్యి మీద, మూత లేని పెనంలో. ఎవరూ అడగని పనిని అద్భుతంగా చేశాడు.

సాయంత్రం బైక్ మీద బోధన్ వచ్చాం. ఇంట్లో అమ్మ చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. జరిగింది నేను చెప్పాను. అమ్మ తునికాకు కత్తిరిస్తూనే వింది.

"నేను మొదట్ల ఎన్ని బీడీలు చుట్టి పారబోసుకున్ననో నీకు ఎర్కనా?" అని అడిగింది నన్ను. నాకు తెలియదు. "చిన్నప్పటి సంది దేవుని దీపాలకు వత్తులు చేసిన చేయి నాది. వత్తి బిగ్గ చుట్టాలె. బీడీ గట్ల చుడితె పొగ రాదు. బీడీ కార్ఖానోళ్ళు గుంజి చూసి గంపకు గంప వాపసు ఇచ్చిండ్రు. బీడీ నేర్చుకునుడు కష్టం కాలె నాకు. వత్తిని మరిచిపోవుడు కష్టమైంది."

బాపు చేతులు కడుక్కుంటూ విన్నాడు. కాసేపటికి జేబులోంచి మిగిలిన చక్కెర పొడి తీసి తన టీలో వేసుకుని తాగేశాడు.

రెండో రోజు పొట్లం లేదు. రసం మొదటి రోజుకన్నా తేటగా వచ్చింది. నూట ఎనిమిది దగ్గర బాపు మంట తీయలేదు. నూట పది. నూట పన్నెండు. బుడగలు చిన్నబడి, బరువుగా, గుబుక్ గుబుక్ మని శబ్దం చేస్తున్నాయి. పాకం రంగు తేనె నుంచి రాగికి తిరిగింది. బాపు కళ్ళజోడు సరిచేసుకుని ముందుకు వంగాడు. 

"ఇంకా కానియ్యి," అంది అవ్వ మంచం మీద నుంచి.

"ఎర్రబడుతున్నది అవ్వ."

"పడనియ్యి. బెల్లం ఎర్రగుండక పాలోలె ఉంటదా? కానియ్యి."

నూట పద్నాలుగు దగ్గర బాపు తట్టుకోలేకపోయాడు. "గుంజుర్రి, గుంజుర్రి," అని తనే పొయ్యిలో చేయి పెట్టబోయాడు. మంట తీసేశారు. పెట్టెల్లో పోశారు. మధ్యాహ్నానికి అది గడ్డా కాదు, పాకమూ కాదు. వేలు పెట్టి లాగితే జానెడు సాగి మళ్ళీ కిందికి జారింది.

చాచా ఆ సాగే దాన్ని పుల్లకు చుట్టి నోట్లో పెట్టుకున్నాడు. "రుచి కమాల్ ఉంది భాయ్. పిల్లగాండ్లకు పుల్లకో రూపాయికి అమ్ముకుందాం." తర్వాత గొంతు తగ్గించాడు. "నీకు సఫేద్ బీమారి పట్టింది. ఇరవై ఆరేండ్లు తెల్లగ చేసినవ్. జర ఎర్రబడితే మేనేజర్ వచ్చి తిడ్తడని నీకు ఇంకా భయం. ఆ మేనేజర్ యాడున్నడో ఎవరికెర్క."

ఆ మాట నిజం. కార్ఖానాలో పాకం ఎర్రబడటం కన్నా పెద్ద తప్పు లేదు. తెల్లగా ఉంటేనే చక్కెర. బాపు అన్నేళ్ళూ కాపలా కాసింది ఆ ఎరుపు రాకుండానే. ఇక్కడ ఆ ఎరుపే కావాలి.

రైతు పక్కకు వెళ్ళి ఫోన్ చేశాడు. మాకు వినిపిస్తూనే ఉంది. "ఆ, ఎల్లుండి పొద్దుగాల. నాగళ్ళు పెట్టుకొనే రా." నేను నోట్‌బుక్‌లో కారణాలు రాయడం మొదలుపెట్టాను. వేడి తక్కువ, తేమ ఎక్కువ, గాలికి చల్లారిన తీరు. నాలుగో కారణం రాస్తుండగా తల ఎత్తి చూస్తే బాపు అవ్వ మంచం దగ్గర కింద కూర్చుని ఉన్నాడు.

"అవ్వ," అన్నాడు. "నాకు బెల్లం రాదు. నేర్పు."

మా మిల్లులో పాతికేళ్ళ అనుభవం ఉన్న మేస్త్రీలు ఉన్నారు. కొత్త మెషీన్ వస్తే మాన్యువల్ తలకిందులుగా పట్టుకుంటారు గానీ "నాకు రాదు" అనరు. నేనూ అనను. ఇరవై ఆరేళ్ళు ఒక పని చేసి, దానికి పెట్టింది పేరై, అరవై ఏళ్ళ వయసులో, ఒక పరాయి వాకిట్లో, స్నేహితుడి ముందు, కొడుకు ముందు ఆ మాట అనడానికి ఎంత బలం కావాలో నాకు ఏ గొట్టంతోనూ కొలవడం రాదు. పెన్ను మూసేశాను.

అవ్వ నవ్వింది. "రాదని తెల్సిందా? ఇగ వస్తది."

ఆమె చెప్పింది విన్నాక నాకు ఇంకో సంగతి తెలిసింది. ఆమె పుట్టింట్లో బెల్లం పొయ్యి ఉండేది. ఆమె నాన్న చుట్టుపక్కల నాలుగు ఊళ్ళకు బెల్లం వండేవాడు. ఆమెకు పన్నెండేళ్ళప్పుడు వాళ్ళ ఊరి చెరకంతా కార్ఖానాకు పోవడం మొదలైంది. పొయ్యి ఆరిపోయింది. "మా నాయిన పెనం బోర్లేసి దాని మీద కూసొని ఏడ్చిండు," అంది. "తెల్లారి లేసి బర్రెలు కొన్నడు. ఇంకేం చేస్తడు?" నేను చిన్నప్పటి నుంచి కార్ఖానా మూతపడటమే మా ప్రాంతం చూసిన కష్టకాలం అనుకున్నాను. ఆ కార్ఖానా రావడమే కష్టకాలమైన వాళ్ళు అంతకుముందు ఉన్నారు. వాళ్ళూ మర్నాడు లేచారు. అరవై ఏళ్ళు ఎవరికీ అవసరం లేని పాకం గుర్తు ఆ ముసలామె వేళ్ళలో ఉండిపోయింది.

ఆ గుర్తు చాలా చిన్నది. చన్నీళ్ళ చెంబులో పాకం చుక్క వేసి, వేళ్ళతో ఉండ చేసి, ఇత్తడి పళ్ళెం మీద విసరాలి. అతుక్కుంటే కాలేదు. తప్ మంటే కాలేదు. ఠంగ్ మంటే అయింది.

"చెవుతోని వండాలె కొడుకా. కండ్లతోని కాదు," అంది.

మూడో రోజు ఆమె మంచాన్ని పొయ్యి దగ్గరికి, పొగ కొట్టని వైపుకు జరిపాం. చెంబు, పళ్ళెం ఆమె ఒళ్ళో. చెరకు కోసిన గంటలోపే రసం తీయాలని బాపు పట్టుబట్టాడు. కోసిన చెరకు ఆగితే రసం పులుస్తుందని, పులిసిన రసం ఎంత వండినా గట్టిపడదని ఆయనకు తెలుసు. అది చక్కెరకైనా బెల్లానికైనా ఒకటే. సున్నం, బెండ జిగురు, మడ్డి తీయడం అంతా ఆయనదే. ఆమె అందులో వేలు పెట్టలేదు. "గది నీకు వచ్చు," అంది.

నూట పది దాటాక బాపు కళ్ళజోడు తీసి నా చేతికిచ్చాడు.

"పట్టుకో. నేను అడిగినా ఇయ్యకు."

కళ్ళజోడు లేకపోతే ఆయనకు చేతిలో ఉన్న గరిటె కూడా మసకగా కనిపిస్తుంది. రంగు అసలే తెలియదు. ఆయన పెనం అంచున నిలబడి, తల కొంచెం పక్కకు వంచి, తెడ్డుతో కలుపుతూ వింటున్నాడు. ఇటు చూపు లేని అవ్వ, అటు చూపు తీసి పెట్టేసిన బాపు. అక్కడ కళ్ళున్న వాళ్ళం ముగ్గురం ఉన్నాం, ఎవరికీ ఏమీ తెలియదు.

నూట పద్నాలుగు. బాపు చుక్క తెచ్చి చెంబులో వేశాడు. అవ్వ ఉండ చేసి విసిరింది. అతుక్కుంది. "కాలె."

నూట పదహారు. తప్. "కాలె."

పాకం ముదురు రాగి రంగుకు వచ్చింది. ఒక మూల పొగలాంటిది లేచింది. చాచా నోరు తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు. నా చేతుల్లో కళ్ళజోడు చెమటకు జారుతోంది. బాపు చేయి ఒక్క క్షణం నా వైపు చాచాడు. నేను ఇవ్వలేదు. ఆ చేయి వెనక్కి వెళ్ళి తెడ్డు పట్టుకుంది.

"బుడగ సప్పుడు మారింది అవ్వ," అన్నాడు.

"విన్న. తే."

చుక్క. చెంబు. వేళ్ళు. విసురు.

ఠంగ్.

"గుంజుర్రి," అని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

నేను థర్మామీటర్ చూశాను. నూట పద్దెనిమిది. దాన్ని నోట్‌బుక్‌లో రాసి చుట్టూ గీత గీశాను. ఆ అంకె నాకు ఏ పుస్తకంలోనైనా దొరికేదేమో. కానీ నేను రాసుకున్నది ఆ పళ్ళెం శబ్దానికి పక్కన.

పెట్టెల్లో పోసి, చెక్క తెడ్లతో కలిపి, వదిలేశాం. ఎవరూ అన్నం తినడానికి లేవలేదు. రైతు రెండుసార్లు లేచి వెళ్ళబోతే అవ్వ "పొదుగుడు కోడిని లేపినట్టు లేపకు," అని కసిరింది. చివరికి బాపే పెట్టెను బోర్లించాడు. తడిగుడ్డ తీశాడు. నాలుగు మూలలూ నిలబడ్డ గడ్డ. తట్టాడు. గట్టిగా పలికింది. అంచు విరిచి మొదటి ముక్క అవ్వ చేతిలో పెట్టాడు. ఆమె ముక్కుకు దగ్గరగా పట్టుకుని చాలాసేపు నోట్లో పెట్టుకోలేదు.

"ఏం కొడుకా," అంది తర్వాత. "దానా పడ్డదా?"

"గడ్డ పడ్డది అవ్వ."

నేను కళ్ళజోడు తిరిగి ఇచ్చాను. ఆయన పెట్టుకుని ఆ బెల్లం రంగు మొదటిసారి చూశాడు. ముఖం కొంచెం ముడుచుకుంది. పాత అలవాటు ఒక్క రోజులో పోదు. "జర ఎర్రగుంది," అన్నాడు. చాచా ఆయన వీపు మీద ఒక్కటి వేశాడు.

మా వర్క్‌షాప్ సారు మాటకు నేను ఇప్పుడు ఒక వాక్యం కలుపుతాను. పని తెలిసిన చేతులు మిగిలితే చాలదు. ఆ చేతులు తమకు బాగా వచ్చిన దాంట్లో దేన్ని ఉంచుకోవాలో, దేన్ని వదలాలో ఏరుకోవాలి. బాపు సున్నం కొలతను ఉంచుకున్నాడు, తెల్లదనాన్ని వదిలాడు. అమ్మ వేళ్ళ వేగాన్ని ఉంచుకుంది, వత్తి బిగింపును వదిలింది. కూలిపోయి లేచిన దేశాల్లోనూ ఎక్కడో ఒక మనిషి ఇలాగే కింద కూర్చుని "నాకు రాదు, నేర్పు" అని ఉంటాడు. చరిత్ర పుస్తకాల్లో నాకు ఆ మనిషి కనిపించలేదు. చందూర్ దగ్గర కనిపించాడు.

మూడో రోజు రాత్రి బాపు రైతు దగ్గరే ఉండిపోయాడు. నాలుగో రోజు నాకు సెలవు లేదు, అయినా వెళ్ళాను. ఊరి మలుపు తిరగగానే బైక్‌కు బ్రేకు వేశాను. ట్రాక్టర్ చెరకు మడి గట్టు మీద నిలబడి ఉంది, వెనక నాగళ్ళు బిగించి. ముందురోజు సంతోషంలో రైతు దానికి వద్దని ఫోన్ చేయడం మరిచిపోయాడట. డ్రైవర్ దిగి చిరాకుగా అడుగుతున్నాడు.

"పొద్దుగాల రమ్మంటివి. వచ్చిన. దున్నాల్నా, వద్దా? ఏదో ఒకటి చెప్పు అన్న."

రైతు కోసిన మోళ్ళ వైపు చూశాడు. మొదటి రోజు కోసిన వరుసలో కొన్ని మోళ్ళ చివర కోత ఇంకా తడిగానే ఉంది.

"నాగళ్ళు ఇప్పి ట్రాలీ తగిలిచ్చుకొని రాపో," అన్నాడు. "చెరకు మోయాలె."

డ్రైవర్ ఏదో గొణుగుతూ ఎక్కబోతుంటే అవ్వ పిలిచి చేతిలో బెల్లం ముక్క పెట్టింది. అతను దాన్ని నోట్లో వేసుకుని, చప్పరిస్తూ ట్రాక్టర్ తిప్పుకుని వెళ్ళాడు. బాపు అప్పటికే పెనం తోమి పొయ్యి మీద పెట్టి ఉన్నాడు.